కమఠాణ ఒడిబియ్యం

పెళ్లి పందిరి తీసి నెలైనా కాలేదు, సుజన ఎన్నికల జీపెక్కింది. హైదరాబాదులో రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలమది. అక్కడ ఉద్యోగం చేసే మోసెస్, తండ్రి ఎన్నికల కోసం సెలవు పెట్టి కొత్త పెళ్లాంతో బీదరు వచ్చాడు. దారి కుదుపులకు గాజులు గలగలమంటుంటే, వెనక సీట్లో మోసెస్ ఎవరూ చూడకుండా చిటికెన వేలు పట్టుకుంటే, సుజనకు మే నెల ఎండ కూడా వెన్నెల్లాగే ఉంది.

మామగారు సమూయేలు అయిదేళ్లుగా ఎమ్మెల్యే. మళ్లీ నిలబడ్డారు. ఆయన ప్రచారమంతా ఒక్క మాట మీదే నడుస్తోంది.

"ఓటుకు నోటియ్యలే, చీరియ్యలే. ఇచ్చిన్నని చూపెట్టుండ్రి, పోటీ ఇడిచి ఇంట్ల కూసుంట!"

ఆ మాట ఎదుటి పక్షానికి గొంతులో ముల్లయింది.

కమఠాణ అనే ఊళ్లో సభ ముగియగానే హన్మమ్మ అనే పెద్దావిడ సుజన చెయ్యి పట్టుకుంది.

"ఎమ్మెల్యే కోడలా! మా ఊరికి తొల్త వచ్చినవు. ఆడబిడ్డకు పోసినట్టు బియ్యంతో ఒడి నింపకుండ ఎట్ల పంపుతం?"

"అవ్వా, మేం చర్చికి పోయేటోళ్లం..." సుజన నసిగింది.

"నాకెరుకలేదా బిడ్డా? బొట్టు పెట్టను తియ్యి. బియ్యానికేం మతం? కొంగు పట్టు!"

కొంగులో బియ్యం, ఎండుకొబ్బరి, రవికె గుడ్డ పడ్డాయి. అది చూసి పక్కింటామె ఊరుకుంటుందా? ఆమెను చూసి ఎదురింటామె? కొంగు చాలక మోసెస్ సంచులు వెతుక్కొచ్చాడు. పెద్దమనుషులతో మాటల్లో ఉన్న మామగారు ఇదేదీ చూడలేదు. సుజన మాత్రం మురిసి ముద్దయింది.

ఊరు దాటగానే ఎన్నికల తనిఖీవాళ్లు జీపు ఆపారు. అధికారి వీరప్ప వెనక తలుపు తీయించాడు. బియ్యం సంచులు! రవికె గుడ్డలు! వెంట ఉన్న మనిషి వీడియో కెమెరా ఎత్తాడు. టీకొట్టు దగ్గరున్న ఎదుటి పక్షం వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"చీరలియ్యడంట, రవికెలు పంచుతడంట!" అని ఒకడు ఈల వేశాడు.

ముందు సీట్లోంచి దిగిన సమూయేలు గారి ముఖం మాడిపోయింది. కేసు రాస్తే అయిదేళ్ల పేరూ, ఈ పోటీ కూడా మట్టిలో కలిసినట్టే.

"ఏందమ్మా ఇవి?"

"ఒడిబియ్యం మామయ్యా. కమఠాణోళ్లు పెట్టిన్రు," అంది సుజన.

"దొరికినోళ్లందరు ఏదో ఒకటి చెప్తరమ్మా. జప్తు చెయ్యాలె," అన్నాడు వీరప్ప.

సుజనకు ఎక్కడలేని తెగువ వచ్చింది. ఒక సంచి మూతి విప్పి బోర్లా వంచింది. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, పసుపు కలిపినవి, మధ్యలో జొన్నలు.

"సారూ, పంచేటోళ్లు ఒక్క దుకాణంల కొంటరు, ఒక్క తీరు కొంటరు. వీటిల రెండు రవికెలు ఒక్క తీరువి చూపెట్టుండ్రి!"

వీరప్ప గుడ్డలు తిరగేస్తుండగానే కమఠాణ ఆడవాళ్లతో ట్రాక్టరు వచ్చి ఆగింది. ఊరు పక్కనే కదా, కబురు అప్పుడే పాకింది. ముందు హన్మమ్మ దిగింది.

"ఏం సారూ! కొత్తకోడలి ఒడిబియ్యం మీద చెయ్యేస్తరా? మీ ఇంట్ల ఆడోళ్లు లేరా?"

"గా పచ్చ రవికె నాది!"

"జొన్నలు నావి. ఇంట్ల బియ్యం నిండుకున్నయి, ఏం జెయ్యాలె?"

ఈల వేసినవాడు ఊరుకోలేదు. "ఎమ్మెల్యే మీకెంతిచ్చిండే?"

"మాకిచ్చుడేంది, మేమే ఇచ్చినం! మీ లీడరును సుత రమ్మను, పిడికెడు బియ్యమన్న పెడ్తమో లేదో చూద్దువు!"

వాడి పక్షం వాళ్లే నవ్వేశారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే కెమెరా ముందుకొచ్చి పేరు చెప్పి, పెట్టిందేదో చూపించారు. అంతా విని వీరప్ప తల గోక్కున్నాడు.

"ఓటర్లకు క్యాండిడేటు ఇస్తే కేసు. క్యాండిడేటు ఇంటోళ్లకు ఓటర్లే ఇస్తే ఏం సెక్షనో నాకు తెల్వదు. పోండి సారూ."

సమూయేలు గారు ఆడవాళ్లకు చేతులెత్తి మొక్కి, ఒలికిన బియ్యం తానే వంగి సంచిలోకి ఎత్తారు.

ఆ సాయంత్రం పక్క ఊరి సభలో ఆయన తన మామూలు మాటతో మొదలుపెట్టలేదు. ముందు సుజనను వేదిక మీదికి పిలిచి, గుండె నిండా ఊపిరి తీసుకుని అన్నారు:

"ఈ బిడ్డ కమఠాణ ఆడపడుచు. మా ఇంట్ల ఉంటది."