మబ్బు విడిచిన వేళ

నాంచారయ్య మెత్తని గుడ్డతో లెన్సు తుడుస్తుండగానే మళ్లీ చినుకులు పడ్డాయి. కెమెరాని చొక్కా లోపలికి పొదువుకుని కొండవీటి కోటగోడ వారగా ఒదిగి నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస. ఎండ కాసినట్టే కాసి, అంతలో మబ్బు కమ్మి, కొండ కింది పొలాలు కనబడకుండా పోతున్నాయి.

తెనాలి స్టేషను రోడ్డులో స్టూడియో నడిపినన్నాళ్లూ ఆయన మనుషుల్నే తీశాడు. పెళ్లికూతుళ్లని, హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లల్ని, పాడె మీద పడుకోబెట్టిన పెద్దల్ని. ఊరందరి పెళ్లిళ్లూ తీస్తుండగానే తన పెళ్లి వయసు దాటిపోయింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేసి, అంగలకుదురులో ఒక గదిలో ఉంటున్నాడు. పలకరించే మనిషి లేక ఆదివారాలు గడవవు. అందుకే వానాకాలమంతా బస్సులు మారి ఈ కొండకి వస్తాడు. వాన వెలిసేటప్పుడు మబ్బు సందుల్లోంచి పొలాల మీద పడే వెలుతురు ఆయనకి కావాలి. అది ఏనాడూ చిక్కలేదు.

టీకొట్టు దేవకుమారి వచ్చి, తడవడమెందుకు, లోపల కూర్చోమంది. ఆయన కదల్లేదు.

"అక్కడ ఏం కనపడుద్ది బాబాయ్?"

"ఇప్పుడేం లేదమ్మా. చూద్దాం."

వేడిగా టీ తెస్తానని ఆమె వెళ్లిపోయింది.

వాన తగ్గాక, రేపల్లె నుంచి వచ్చిన కొత్త జంట తమకో ఫొటో తీసిపెట్టమని ఫోను అందించారు. తీసి ఇచ్చాడు. వాళ్లు గోడ దగ్గరే నిలబడి దాన్ని చూసుకుంటున్నారు. అప్పుడు వాళ్ల వెనక మబ్బు విడిచింది. పత్తిచేల మీదుగా వెలుతురు పరుగున వస్తోంది.

నాంచారయ్య కళ్లజోడు తీసి గోడ మీద పెట్టి, కెమెరాని కంటికి ఆనించాడు.

"కాస్త పక్కకి జరగండమ్మా."

ఆ అమ్మాయి పమిట సర్దుకుని, నవ్వు మొహం పెట్టి, ఒక్క అడుగు జరిగింది.

"తీసేది మిమ్మల్ని కాదమ్మా. మీ వెనక వెలుతుర్ని."

ఇన్నేళ్లలో మనుషుల్ని తప్పుకోమనడం ఆయనకదే మొదలు. వాళ్లు తప్పుకున్నారు. నొక్కాడు. జోడు లేక తెర మీద అంతా మసకగా ఉంది. అయినా పడిందని వేలికి తెలిసింది. గుండెల్లో ఏదో బరువనిపించి, పొద్దున కొండ ఎక్కిన అలసటే అనుకుని, గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

దేవకుమారి టీ తెచ్చి బాబాయ్ అని పిలిచింది. దగ్గరకొచ్చి మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. నాడి అందలేదు.

ఆ జంట తమ కారులోనే ఆయన్ని కిందికి దించారు. కెమెరా తడవకుండా ఆ అమ్మాయి దాన్ని పమిట చాటున పట్టుకుంది. కొండ మీద మళ్లీ జల్లు మొదలైంది. కోటగోడ మీద కళ్లజోడు పొలాల వైపే తిరిగి ఉంది, అద్దాల నిండా చినుకులతో.