మాట్లాడినవారి మూల

ఆ బడిలో ఏ తరగతిలోనైనా బోర్డు కుడిమూల పాఠానికి పనికిరాదు. అది మాట్లాడినవారిది. ఎవరి నోరు కదిలితే వాళ్ళ నంబరు క్లాసు లీడరు అక్కడ రాస్తుంది. మూడింటికి హెడ్మాస్టరు వచ్చి వాళ్ళను వరండాలో నిలబెడతాడు. నోరు మూసుకుంటేనే చదువొస్తుందని ఆయన నమ్మకం. ఆ లెక్కన బడి గోడలు ఎప్పుడో డిగ్రీ పాసై ఉండాలి.

మూడో తరగతి టీచరమ్మకు ఆ మూల చూస్తేనే ఒళ్ళు మండేది. కానీ ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాల్సింది హెడ్మాస్టరే.

ఆ రోజు తీసివేతలు. మూడు వందల రెండులోంచి నలభై ఏడు. "రెండులోంచి ఏడు పోదు. పక్కింట్లో అప్పు తెచ్చుకోవాలి" అంది టీచరమ్మ.

"పక్కింట్లో సున్నా ఉంది కదా టీచర్?" చివరి బెంచీలోంచి సన్నటి గొంతు.

పంతొమ్మిదో నంబరు పిల్ల. నాలుగు నెలలుగా హాజరు కూడా పలకలేదు, చెయ్యెత్తి ఊరుకునేది. "ఇంట్లో వాగుడుకాయండీ" అంటూ వాళ్ళమ్మ రెండుసార్లు వచ్చి ఏడ్చింది. టీచరమ్మ సంతోషంతో చివరి బెంచీ వైపు నడిచింది. ఈలోగా లీడరు లేచి, అలవాటు ప్రకారం మూలలో 19 రాసేసింది. పిల్ల గబుక్కున నోటి మీద వేలు వేసుకుంది.

ఈ వేలు ఇప్పుడు దిగకపోతే ఇక దిగదని టీచరమ్మకు తెలుసు. డస్టరు తీసి, మళ్ళీ పెట్టేసింది. తుడిస్తే క్షమించినట్టవుతుంది. అసలు తప్పేముందని?

19 కింద పెద్ద అక్షరాలతో 'టీచరు' అని రాసింది. "నేనూ మాట్లాడాను కదా. ఇప్పుడు సున్నా సంగతి అందరూ మాట్లాడుకుని తేల్చండి."

క్లాసు గోలగోలైంది. నంబర్లు రాసి రాసి చెయ్యి లాగిన లీడరు, చివర్న తన నంబరూ రాసుకుంది.

మూడింటికి హెడ్మాస్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది?"

"మాట్లాడామండి. రూలు రూలే కదా. పదండర్రా, వరండాలోకి."

ముప్పై ఒక్కమందీ పుస్తకాలతో సహా వెళ్ళి ఆయన గది ముందే కూర్చున్నారు.

"మీ కాగితం నా టేబుల్ మీదుంది. గుర్తుందా?"

"ఉందండి. పాఠం అయ్యాక దాని సంగతి చూద్దాం."

పంతొమ్మిదో నంబరు పిల్ల నోటి మీద వేలు తీసింది. "సార్, పక్కింట్లో సున్నా ఉంటే ఎవర్ని అడగాలి?"

"ఆ అవతలింట్లో అడగాలి" అనేశాడాయన, అప్రయత్నంగా.

లీడరు వంగి, వరండా గచ్చు మీద సుద్దముక్కతో 'హెడ్మాస్టరు' అని రాసింది.