రుమేనియా పాటకు బుచ్చన్న దరువు

పైపుకు రెండో పూత వేస్తూనే బుచ్చన్న ఖాళీ రంగు బకెట్టును ఎండలోకి జరిపాడు. రేకు బకెట్టును కాచే పని లేదని అతనికీ తెలుసు. కానీ తండ్రి డప్పును మంట దగ్గర కాచనిదే ముట్టేవాడు కాదు. ఆ అలవాటు కోరుట్ల నుంచి సౌదీలోని యాన్బు దాకా వచ్చింది, చేతులు మాట వింటేగా! ఇవాళ అతనికి ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేస్తున్నారు. అయినా బస్సు వచ్చేదాకా పని చేయాల్సిందేనన్నాడు ఫోర్‌మన్. సరేనని ఆఖరి పైపుకు కూడా చుక్క కారకుండా రంగు వేశాడు.

పనివాళ్ల క్యాంపులో అందరికీ తెలిసిన రుమేనియా పాట ఒకటుంది, దాన్ని తెచ్చింది యోనెల్ అనే ఆ దేశపు వెల్డరు. వాళ్ల పల్లెల్లో పెళ్లిళ్లకు తెల్లవార్లూ ఇలాంటివే మోగుతాయట. పైన క్లారినెట్ గుండె పిండుతుంటే, కింద దరువు కాళ్లను నిలవనివ్వదు. మొదటిసారి వినగానే బుచ్చన్న చేతికందిన బకెట్టు మీద పెళ్లి దరువు వేశాడు. అతికినట్టు సరిపోయింది! యోనెల్ అతన్ని అమాంతం కావలించుకున్నాడు.

యోనెల్ ఎప్పుడో వెళ్లిపోయాడు. పాట మాత్రం ఫోను నుంచి ఫోనుకు పాకి ఇక్కడే ఉండిపోయింది. పాకిస్తానీలకూ బంగ్లావాళ్లకూ ఫిలిప్పీన్స్ వాళ్లకూ ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆడనివాడు లేడు. ఎవరు శాశ్వతంగా వెళ్లిపోతున్నా ఆ పాటతో, బుచ్చన్న దరువుతో బస్సు దాకా సాగనంపడం క్యాంపు ఆచారమైంది.

అదంతా లెవీ రాకముందు మాట. ఇప్పుడు పరాయిదేశం పనివాడు ప్రతి ఒక్కడి మీదా కంపెనీ సర్కారుకు ఆ పన్ను కట్టాలి. పైగా పనిలో సౌదీలు తక్కువున్నారని, స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో కంపెనీ అట్టడుగున రెడ్‌లో పడింది. రోజూ ఎవరో ఒకరిని పంపేస్తున్నారు. పోయేవాళ్లు దొంగతనం చేసినట్టు తల దించుకుని బస్సెక్కుతున్నారు, పాటా లేదు ఆటా లేదు. అది చూస్తే బుచ్చన్నకు ఒళ్లు మండేది. తాను మాత్రం అలా పోయేది లేదని పట్టుబట్టాడు.

సాయంత్రం బకెట్టు చంకన పెట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. గదిలో తోడుండే కడప డ్రైవరు ఖయ్యూమ్ సంచి మోసుకుంటూ వెంట వచ్చాడు.

"పోయేవాడు కొట్టకూడదని నువ్వే చెప్తివి కదన్నా."

"ఊర్లైతె కొట్టెటోల్లుంటరు. ఈడ నాకెవలున్నరు? నేనేం తప్పు జేసి పోతలేను ఖయ్యూమ్. పాట పెట్టు."

పాట మొదలైంది. గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి గానీ ఎవరూ కదల్లేదు. బుచ్చన్న ఒక్కడే పంతంగా కొట్టాడు. క్లారినెట్ పైకి ఎత్తుకోగానే అతని చేతులు దారి తప్పాయి. ఊళ్లో మనిషిని పెళ్లికీ డప్పుతోనే తీసుకెళ్తారు, కాటికీ డప్పుతోనే. దరువులు వేరు. ఇప్పుడు వేళ్లు వాయిస్తున్నది కాటి దరువు. అది తెలియగానే ఆపేశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, అందరి ముందూ ఏడ్చేశాడు.

ఖయ్యూమ్ బకెట్టు లాక్కున్నాడు. అతను జన్మలో ఏదీ వాయించినవాడు కాదు. పాటదో దారి, అతని దెబ్బలదో దారి.

"ఆడన్నా," అన్నాడు. "నాకు వచ్చేది ఇంతే."

ఏడుపులోనే బుచ్చన్నకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ అందరికీ వాయించడమే గానీ ఆ పాటకు తాను ఒక్కసారీ ఆడింది లేదు. బూట్లు విప్పేసి, కాలుతున్న కంకర మీదే అడుగు వేశాడు. ఆ తప్పు దరువుకే ఆడాడు. గదుల్లోంచి ఒకడు వచ్చాడు, తర్వాత నలుగురు, తర్వాత గుంపు. రేపోమాపో పోవలసినవాళ్లు కూడా వచ్చి కలిశారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టేదాకా ఆడి, బుచ్చన్న సంచిలోంచి చెప్పులు తీసి వేసుకుని, తల ఎత్తుకుని బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరిగినా ఖయ్యూమ్ కొడుతూనే ఉన్నాడు. గేటు పక్కన కంకరలో బుచ్చన్న బూట్లు, లోపల చెమట ఇంకా ఆరనేలేదు.