మన్ను చెప్పిన సాక్ష్యము

హేమంతప్రాతఃకాలమున వాల్తేరు గిరిసానువులను గప్పిన మంచుతెర సముద్రానిలస్పర్శచే మెల్లమెల్లగ తొలగుచుండ తుహినబిందుసందోహభరితమైన గోల్ఫు మైదానపు పచ్చిక బాలభానుకిరణములు సోకి మిలమిల మెఱయుచుండెను. అచట విశ్రాంతన్యాయాధిపతియగు పరాంకుశరావు ఇనుపకఱ్ఱ చేబూని పాదములకడనున్న తెల్లని బంతిపై చూపు నిలుప యత్నించుచుండెను. సహధర్మచారిణియగు కనకవల్లి చేరువనే బల్లపై గూర్చుండియుండెను.

రెండేండ్లుగా నేత్రరోగము ప్రబలి ఆయనకు నాలుగు బారల కావల సమస్తమును పొగమంచే. దెబ్బ తగులకమునుపే బంతి పోకను గాంచ తల యెత్తుట యౌవనమునుండియు ఆయనను వీడని దోషము. ఆత్రగానికి బుద్ధి మట్టని పెద్దలు ఊరక యనలేదు. నేడొక్క దెబ్బయైనను నిండుగ తగులనిచో కఱ్ఱను మఱి ముట్టనని ఆయన యింటనే ప్రతిన బూనెను. ఈ యాటయు పోయినచో నాలుగు గోడలే ఆయన లోకమగునని కనకవల్లి గుండె తల్లడిల్లుచుండెను.

ఆయన కఱ్ఱ విసరెను.

"తిన్నగ పోయినదండీ" యని యామె పలికెను.

ఆయన మోకరిల్లి నేలను తడవెను. బంతి తావునకు గుర్తుగా ప్రక్కన నాటిన పుల్లకు వెనుకనే గడ్డి పెళ్లగిలియుండెను. కఱ్ఱ ముందు మన్నును పిదప బంతిని తాకెనన్నమాట.

"ముప్పదియేండ్లు న్యాయపీఠమున గూర్చుండి బొంకుసాక్షుల నెందఱనో చూచితిని. ఏడ్పు దిగమ్రింగి బొంకు సాక్షిని నేడే చూచితిని. నిజము చెప్పుము కనకవల్లీ."

ఆమె తల వంచుకొనెను. "బంతి పది బారలైనను పోలేదు. మీ తల దానికంటె ముందు పరుగిడినది. ఎట్లును కానరాని దానికై యింకను ఏల యీ తొందర?"

ఆ మాట మొదట ములుకువలె నాటెను. పిదప ఆయనకు నవ్వు వచ్చెను. కన్నులున్ననాళ్లు మానలేని యాత్రమును కన్నులు పోయినపిదపను మోయుచున్న తన వెఱ్ఱికి తానే సిగ్గుపడెను.

పుల్లను పెఱికి చెదరని పచ్చికపై నాటి దాని ప్రక్కన మఱియొక బంతి నిలిపి గడ్డమును ఱొమ్మునకు జేర్చి నిదానముగ కఱ్ఱ నెత్తి విసరెను. టక్కుమను శబ్దము వినవచ్చెను. చేతులకు దెబ్బ బరువే తెలియలేదు. ఆయన తల యెత్తలేదు.

"ఎచట పడినది?"

"చూడలేదండీ. మీ మొగమునే చూచుచుంటిని."

ఆయన మరల మోకరిల్లెను. పుల్లకు వెనుకనున్న గడ్డి మంచుతో తడిసి చెక్కుచెదరకయుండెను. ముందు మాత్రము చల్లని మన్ను క్రొత్తగ చీలియుండెను. ఈ మాఱు కఱ్ఱ మొదట బంతిని పిదపనే మన్నును తాకెనన్నమాట. ఆ మన్నంటిన తన వ్రేళ్లను ఆయన ఆమె యరచేతిలో నుంచి "ఈ సాక్షి బొంకదు. రేపును వత్తము" అనెను.

బంతి యెచట పడెనో వారిలో నొకరికిని తెలియదు.