పెదవుల మీద తెలుగు

సింధూ ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. తండ్రి వేదవ్యాస జమ్మలమడుగులోనే ఒక చిన్న గుడిలో అర్చకుడు. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసి పేరు తెచ్చుకున్న పిల్ల కాబట్టి, రెండేళ్ల కిందట గండికోటలో సినిమా తీయడానికి విదేశం నుంచి వచ్చిన ఒకాయన అడగ్గానే ఒప్పుకుంది. పూర్వకాలపు ఎడారి వర్తకుల కథ అన్నాడాయన. ఆమెది వర్తకుడి భార్య వేషం. “మీరు మీ భాషలోనే మాట్లాడండి, ఇంగ్లీషు డబ్బింగ్ తర్వాత చెప్పించుకుంటాం” అన్నాడు. ఆ పొడుగాటి అంగీలూ ముసుగులూ కుట్టింది ప్రొద్దుటూరు టైలరు చాంద్‌బీ. షూటింగ్ వారం తిరక్కుండానే అయిపోయింది. ఆ తర్వాత ఆ సినిమా ఊసే లేదు.

ఉన్నట్టుండి ఈ ఏడాది అది ఇంటర్నెట్‌లో తేలింది. చూస్తే వర్తకుల కథ కాదు. ముస్లింలు ప్రాణంకన్నా మిన్నగా తలుచుకునే మహనీయుల పేర్లు ఆ పాత్రలకు తగిలించి, వాళ్ల నోట తిరిగి చెప్పడానికి నోరు రాని మాటలు పలికించారు. దేశదేశాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. ఢిల్లీలో ఆ దర్శకుడి దేశపు ఎంబసీ ముందు గేట్లు విరిగాయి, కార్లు తగలబడ్డాయి.

ఆ వార్తల వెంటే సింధూ ముఖం కూడా ఫోన్ల నిండా తిరిగింది. బడివాళ్లు కొన్నాళ్లు రావద్దన్నారు. వేదవ్యాస కూతుర్ని ఒక్క మాట అనలేదు. బట్టల సంచి చేతికిచ్చి, “పులివెందులలో మీ పిన్ని దగ్గరుండు తల్లీ” అన్నాడు.

పిన్ని మీనాక్షి ఇంట్లో కూచుని సింధూ ఆ వీడియోను మొదటిసారి చూసింది. తన ముఖం. ఎవరిదో గొంతు. వినలేక సౌండు తీసేసింది. అప్పుడు కనిపించాయి, తన పెదవులు. అవి ఇంగ్లీషు మాట్లాడటం లేదు. ఆ రోజు గండికోట ఎండలో తాను అన్న మాటే అంటున్నాయి. వాటితో పాటు ఆమె కూడా పైకి అంది: “మీరు తిరిగొచ్చేదాకా ఈ తలుపుకు గడియ పెట్టను.”

వంటింట్లోంచి మీనాక్షి వచ్చింది. “ఎవరితో మాట్లాడతాండావే?”

“పిన్నీ, ఇట్లా రా. నా నోరు చూడు.”

మీనాక్షి రెండుసార్లు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నేను ప్రొద్దుటూరు పోతా,” అంది సింధూ.

“మతి పోయిందా నీకు? ఆడ జనం ఎంత మంట మీదుండారో తెలుసునా?”

“తెలుసు. కానీ ఇది తెలుగు వచ్చినోళ్లకే కనపడుతుంది పిన్నీ. ఇంకెవరికి చూపించేది?”

మీనాక్షి కాసేపు అటూ ఇటూ తిరిగి, పొయ్యి ఆపి, చెప్పులు తొడుక్కుంది. “ఒక్కదాన్నే పంపించి నేనీడ అన్నం తినలేను. పద.”

చాంద్‌బీ ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆ బట్టలు కుట్టింది నువ్వే కదా అని పొరుగువాళ్లు మాట్లాడటం మానేశారు, బేరాలు నిలిచిపోయాయి. ఢిల్లీలో ఏసీ మెకానిక్‌గా పనిచేసే కొడుకు షాహిద్ నుదుటికి కట్టుతో ఇల్లు చేరాడు. ఎంబసీ ముందు తగిలిన లాఠీ దెబ్బ అది.

గుమ్మంలో సింధూను చూడగానే అతను లేచాడు. “యా ముఖం పెట్టుకొని వచ్చినావు మేడమ్?”

“ఆ ముఖమే చూపిద్దామని వచ్చినా. సౌండు తీసేసి ఒక్కసారి చూడు నాయనా.”

చూడనన్నాడు. చాంద్‌బీ ఫోను అందుకుంది. చూస్తూ చూస్తూ గోడకు చేరగిలబడింది. “అరే, గడియ మాట! నేను ఆడనే ఉంటిని గదా. ఆ మాట చెప్పేటప్పుడు ముసుగు జారిపోతాంటే పిన్ను పెట్టింది నేనే. షాహిద్, చూడు బేటా!”

షాహిద్ చూశాడు. మళ్లీ చూశాడు. ఫోను తిరిగివ్వకుండానే బయటికి నడిచి, మసీదు కమిటీ పెద్ద ఉమైర్ సాబ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

మర్నాడు షాదీఖానాలో జనం కూడారు. గోడకు పెద్ద టీవీ పెట్టారు. సింధూ లోపలికి రాగానే అరుపులు లేచాయి. ఒకడు కుర్చీ తన్నాడు. మీనాక్షి ఆమె మోచేయి వదల్లేదు. ఉమైర్ సాబ్ చెయ్యెత్తాడు. “ముందు చూద్దాం. అరిచేది తర్వాత అరుద్దురు.”

శబ్దం లేని బొమ్మ నడిచింది. సింధూ టీవీ పక్కన నిలబడి, ఆ రోజు చెప్పిన మాటలే మళ్లీ చెప్పింది. మొదట మాట వెనకబడింది. రెండోసారికి కలిసింది. బొమ్మలోని పెదవులూ ఆమె పెదవులూ ఒక్కటై కదిలాయి. ఆడవాళ్ల వరుసలో ఒక ముసలామె తానూ గొణుక్కుంటూ పోల్చి చూసి, “తెలుగే గదప్పా ఇది! మన తెలుగే!” అని గట్టిగా అంది.

కుర్చీ తన్నినవాడు దాన్ని లేపి నిలబెట్టాడు.

“తీసేవాడు ఎట్లాంటోడో నువ్వు అడగలేదా తల్లీ?” అన్నాడు ఉమైర్ సాబ్.

“అడగలేదు సాబ్. అడగాల్సింది. మాట నాది కాకపోయినా మీకు నొప్పి తగిలింది నా ముఖంతోనే.”

ఆయన ఆమెకు కుర్చీ చూపించాడు. “నొప్పి పోలేదమ్మా. అది అంత సులభంగా పోదు. కానీ నీ మీద కోపం లేదు.”

షాహిద్ అదంతా ఫోనులో తీశాడు. సింధూ, చాంద్‌బీ కలిసి పోలీసు స్టేషనులో ఆ దర్శకుడి మీద ఫిర్యాదు ఇచ్చారు. శుక్రవారం ఆ సినిమాకు నిరసనగా ఊరేగింపు జరిగింది. ఎవరూ అంగళ్లు మూయించలేదు, రాయి పడలేదు. ఆడవాళ్ల వరుసలో చాంద్‌బీ పక్కన సింధూ నడిచింది. ఆమెకెవరో నీళ్ల ప్యాకెట్ అందించారు. షాహిద్ పెట్టిన వీడియో ఎక్కడెక్కడి దేశాలకో పోయింది. తిట్టినవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. క్షమించమని రాసినవాళ్లు మాత్రం ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువే.

బడి మళ్లీ పిలిచింది. ఆ సాయంత్రం షాహిద్ బస్టాండులో ఆమె కోసం కాచుకుని ఉన్నాడు.

“మేడమ్, ఆ పొద్దు ఢిల్లీలో నేనూ రాయి ఎత్తినా. గేటుకాడ ఒక గార్డు పడిపోయినాడు. నా రాయో, ఇంకొకరిదో తెలీదు. నువ్వు అనని మాటకు ఆయన తల పగిలింది.”

సింధూ చేతిలో సంచి కింద పెట్టింది. “యాడుండాడాయన?”

“ఆసుపత్రిలోనేనంట. పోదామనుకుంటాండా. భయమైతాంది.”

“నాకూ షాదీఖానా మెట్లెక్కేటప్పుడు భయమే షాహిద్. అయినా ఎక్కినా.”

అతను ఢిల్లీ రైలెక్కాడు. తర్వాత ఒక మధ్యాహ్నం, బడి విరామంలో, ఫోను మోగింది.

“కలిసినా మేడమ్. ఆయన బీహారు మనిషి. తిట్టినాడు. శానాసేపు తిట్టినాడు.” షాహిద్ చిన్నగా నవ్వాడు. “తర్వాత, కూచో, అన్నం తిన్నావా అన్నాడు.”