అంతయ్య నాలుక

అంతయ్య రోజూ పొద్దున ఎనిమిదింటికి టెలిఫోన్ ఆఫీసులో కంప్లైంట్ల చీటీ తీసుకుని, నిచ్చెనను సైకిల్‌కు కట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా తోసుకుంటూ పోయేవాడు. తొక్కేవాడు కాదు, తోసేవాడు. నిచ్చెన కట్టిన సైకిల్ ఎక్కితే ముందున్న సిటీ బస్సునైనా పొడవాలి, వెనకున్న ఆటోనైనా పొడవాలి. "పంతొమ్మిదేండ్ల సంది సైకిలే నన్ను తోలుకపోతున్నది" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. ఆ పంతొమ్మిదేళ్లూ టెంపరరీయే. ఉద్యోగంలో పర్మినెంట్ అయింది మోకాలి నొప్పి ఒక్కటేనని కూడా అనేవాడు. నలుగురూ నవ్వకముందే తను నవ్వేస్తే దెబ్బ తక్కువ తగులుతుందని అతని నమ్మకం.

స్తంభం ఎక్కి, పైనున్న డబ్బా మూత తీసి, జత తీగలు రెండూ నాలుక మీద పెట్టుకునేవాడు. లైన్ బతికుంటే నాలుక చిమచిమలాడుతుంది. చచ్చిపోతే చిమచిమ ఉండదు. పాతకాలం లైన్‌మన్లందరూ అట్లాగే చూసేవాళ్లు. తర్వాత మీటర్లు వచ్చాయి, నాలుకలన్నీ రిటైరైపోయాయి. అంతయ్యకూ ఒక మీటర్ ఇచ్చారు. అది సంచిలో అడుగున, తంబాకు డబ్బీ కింద, హాయిగా నిద్రపోయేది. ఒకసారి నాలుక మీద తీగలుండగానే ఎవరో ఫోన్ చేశారు. గంట మోగాల్సింది అంతయ్య నోట్లో మోగింది. రెండు రోజులు మాట రాలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు గుడిలాగా ప్రశాంతంగా ఉందని పెళ్లాం యాదలక్ష్మి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

తీగల మీద మాటల రుచి కూడా తగిలేది. పెళ్లి ముచ్చట పంచదార ఎక్కువైన పాయసం. అబద్ధం, ఉప్పు మరిచిన పప్పు. భయమైతే పచ్చి చింతకాయ, పళ్లు జివ్వుమనాల్సిందే. వీటన్నిటి కిందా మాట్లాడిన మనిషి రుచి సన్నగా ఉండేది. మాట అవతలికి పోయినా రుచి పోదు. దాని మీంచి ఇంకో మాట పోయేదాకా, కడగని గిన్నెకు కూర అంటినట్టు, రాగిని పట్టుకునే ఉంటుంది. కాలనీల్లో ఇది అందరికీ తెలిసిందే. నల్లా ఎన్నింటికి వస్తుందో తెలిసినట్టే ఇదీ తెలుసు.

"ఏం అంతయ్యా, మా కోడలు పొద్దున తల్లిగారింటికి ఫోన్ జేసింది. నా ముచ్చటేమన్న తగిలిందా?" అని అండాలమ్మ బాల్కనీలోంచి అడిగేది.

"చాయ్ తాగంగ నాలుక కాలింది పెద్దమ్మా. ఏం తెలుస్తలేదు."

"రోజు కాల్తదారా నీ నాలుక?"

"ఏం జేద్దు? మా ఆమె గంత వేడిగ పోస్తది."

పైన రుచి చూసింది కింద ఉమ్మొద్దు. పని నేర్పిన పెద్దాయన పెట్టిన షరతు అదొక్కటే. పంతొమ్మిదేళ్లలో అంతయ్య దాన్ని ఒక్కసారీ తప్పలేదు.

యాదలక్ష్మి మన్సూరాబాద్‌లో సాంబమూర్తి సార్ ఇంట్లో వంట చేసేది. సారుది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. అంతయ్య కొడుకు మహిపాల్ ఎస్సై పరీక్షకు చదువుతున్నాడని తెలిసి, ఆదివారాలు ఇంటికే పిలిపించుకుని ఊరికే పాఠాలు చెప్పేవాడు. "నీ కొడుక్కి బుర్రుందయ్యా అంతయ్యా. ఎవరి పోలికో?" అనేవాడు. "నాది మాత్రం కాద్సార్, గ్యారంటీ" అనేవాడు అంతయ్య.

ఆ యేడు మార్చిలో తెలంగాణ కోసం ట్యాంక్‌బండ్ మీదికి లక్షలమంది నడవాలని పిలుపు వచ్చింది. రెండు రోజుల ముందు నుంచే పోలీసులు ఉద్యమంలో తిరిగే పిల్లల్ని ఎక్కడికక్కడ ఎత్తుకుపోతున్నారు. మహిపాల్ ఇంటికి రాకుండా సరూర్‌నగర్ చెరువు వెనక దోస్తు సాయికుమార్ గదిలో దాక్కున్నాడు. యాదలక్ష్మి రోజూ అన్నం తీసుకెళ్లేది. సాంబమూర్తి సారు ఆ అన్నం సంచిలోనే పాత ప్రశ్నపత్రాలు పెట్టి పంపేవాడు. "తెలంగాణ వచ్చినా రాకపోయినా క్షేత్రగణితం మాత్రం వస్తుందని చెప్పు యాదలక్ష్మీ."

ట్యాంక్‌బండ్ మార్చ్ రేపనగా మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. దారిలో ఎవర్నీ అడగలేదు. సందులోకి తిన్నగా వచ్చి ఆ గది తలుపే తన్నారు. మహిపాల్ ఒక్కడే దొరికాడు. కబురు తెలిసిన పోరగాళ్లు గంటలోపే ఎల్బీనగర్ రోడ్డు మీద టైర్లు కాలబెట్టారు. పైన వేలాడే కేబుల్‌కు మంటలంటుకుని మన్సూరాబాద్‌లో ఫోన్లన్నీ ఆ క్షణానే మూగబోయాయి.

ఆరు రోజులకు మహిపాల్ బయటికొచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లకు కట్టు, మీద మూడు సెక్షన్ల కేసు. కేసున్నవాడికి ఎస్సై ఉద్యోగం రాదు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. పుస్తకాలు మాత్రం మంచం కిందికి పోయాయి.

మర్నాడు అంతయ్య కాలిన కేబుల్ అతుకు వేయడానికి మన్సూరాబాద్‌లో స్తంభానికి నిచ్చెన ఆనించాడు. సాయికుమార్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. వెనకాల మహిపాల్.

"కాకా, ఠాణాల ఒక జవాను నోరు జారిండు. మన్సూరాబాద్ నుంచి ఫోనొచ్చిందట. ఎవని ఫోనో చూసి చెప్పు."

"నాలుక కాలిందిరా సాయీ."

"మావోని వేళ్లిరిగినయ్ కాకా. నీ నాలుక గంతకన్న ఎక్కువ కాలిందా?"

అంతయ్య నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. మహిపాల్ ముందుకొచ్చి కట్టు కట్టిన చెయ్యి నిచ్చెన మీద పెట్టాడు. "నాయినా, నేనడుగుతున్న."

అంతయ్య ఎక్కాడు. డబ్బాలో పది జతలు. వారం కింద ఎవరెవరు ఏం మాట్లాడి పెట్టేశారో అదంతా అట్లాగే ఉంది. మొదటి దాని మీద గ్యాస్ సిలిండర్ బుకింగ్, ఏ రుచీ లేదు. రెండో దాని మీద అండాలమ్మ కోడలు, గొడ్డుకారం. నాలుగో దాని మీద ఎవరిదో కొత్త ప్రేమ, రేగుపళ్ల పులుపూ తీపీ. ఆరోదానికి వచ్చేసరికి పళ్లు జివ్వుమన్నాయి. పచ్చి చింతకాయ. భయం. ఎవరినో బతిమాలుకునే భయం. అది సాంబమూర్తి సార్ లైను.

దాని కింద సన్నగా ఇంకో రుచి తగిలింది. మెంతులు కొంచెం మాడిన పోపు. పెళ్లయినప్పటి నుంచి యాదలక్ష్మి మెంతులు మాడుస్తూనే ఉంది. ఇరవై నాలుగేళ్లుగా అంతయ్య ఆ పోపే తింటున్నాడు.

స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు.

"ఏమైంది కాకా? తెలిసిందా?" కింద సాయికుమార్ అరిచాడు. "తెలిసింది! మొహం చూడుండ్రిరా, తెలిసింది!"

నాలుక కాలిందని చెప్పొచ్చు. ఎవరూ నమ్మరు. మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. ఏ లైనుదీ కాదని చెప్పొచ్చు. అప్పుడు గది సంగతి ఎవరెవరికి తెలుసని లెక్కపెడతారు. సాయికుమార్, తను, సాంబమూర్తి సారు దంపతులు, ఇంకొకరు. ఆ లెక్క కోచింగ్‌కు పోని వాడికైనా వస్తుంది. అంతయ్య కొడుకు వేళ్ల వైపు చూశాడు. వాళ్లు లైన్ ఎవరిదని అడిగారు, నోరు ఎవరిదని అడగలేదు గదా అనుకున్నాడు.

"సాంబమూర్తి సార్ లైను" అన్నాడు.

అబద్ధం చెప్పనందుకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని అతను తర్వాత చాలాకాలం మరిచిపోలేకపోయాడు.

మహిపాల్ కట్టు చెయ్యి నిచ్చెన మీంచి తీశాడు. "సారా?" అని ఒక్కమాటే అన్నాడు.

నాలుగు ఇళ్ల అవతలే సారు ఇల్లు. అంతయ్య నిచ్చెన దిగి పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆ పోరగాళ్లు వరండాలో ఉన్నారు. సాంబమూర్తి లుంగీ కట్టుకుని కూర్చుని పేపర్లు దిద్దుతున్నాడు. అతని భార్య నాగేశ్వరి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. వంటింటి గుమ్మంలో యాదలక్ష్మి.

"ఫోన్ జేసింది మీ ఇంట్ల నుంచే సార్. ఒప్పుకుంటరా?" అన్నాడు సాయికుమార్.

"ఏం ఫోను బాబూ?" అని సాంబమూర్తి భార్య వైపు చూశాడు. మార్చ్‌కు ముందు వారమంతా నాగేశ్వరిది, ఆ కుర్రాణ్ణి ఎవరైనా ఆపండి, కాల్పులంటున్నారు, తల్లి గుండె ఆగిపోతుంది అని ఇంట్లో ఒకటే పోరు. సారుకి లెక్క తేలిపోయింది. అంత మంచి లెక్కల మాస్టారు ఆ ఒక్క లెక్కా తప్పు చేశాడు. కళ్లజోడు తీసి పేపర్ల మీద పెట్టి, "అవును, నేనే చేశాను. ఆవిడకేం తెలీదు" అన్నాడు.

నాగేశ్వరి చేతిలో తడి చీర కింద పడింది. "ఏవండీ, మీరా?"

సాయికుమార్ వంటింటి వైపు తిరిగాడు. "చిన్నమ్మా, రోకలిబండ ఎక్కడున్నది?"

యాదలక్ష్మి నోరు తెరిచింది. ఆమెకు ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు, చేతికి కట్టుతో. తెరిచిన నోరు మూసుకుని గుమ్మానికి ఆనుకుంది. రోకలి తలుపు మూలనే ఉంది, సాయికుమారే చూసి తీసుకున్నాడు.

"వద్దురా సాయీ" అన్నాడు మహిపాల్. గట్టిగా మాత్రం అనలేదు.

గేటు దగ్గర అంతయ్య గట్టిగా కళ్లు మూసుకున్నాడు. అప్పుడే పొయ్యి మీద కుక్కర్ మూడో విజిల్ వేసింది. లోపల ఇంకేం వినపడలేదు.

బయటికొస్తూ సాయికుమార్ "రొండు వేళ్లకు రొండు, లెక్క సరిపోయింది" అన్నాడు. "ఈ ఇంటికి మాత్రం లైన్ కలపకు కాకా." అంతయ్య ఆ సాయంత్రం తొమ్మిది లైన్లు కలిపి, ఆరోదాన్ని అట్లాగే వదిలేశాడు.

ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాడు. యాదలక్ష్మి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని చెప్పింది. "రొండు దినాలు కూసోవెట్టుకొని ఇడ్సిపెడ్తమన్నరయ్యా. ఫోన్ల పోలీసు సారు బిడ్డా బిడ్డా అని మంచిగ మాట్లాడిండు. తుపాకుల ముంగట వడకుంట ఉంటడనుకున్న. కొట్టొద్దని మొక్కిన గూడ."

"తిను" అన్నాడు అంతయ్య.

"నువ్వు చెప్తవా వానికి?"

"నాలుక కాలింది" అన్నాడు. అతను జోకు వేశాడో లేదో ఆమెకు అర్థం కాలేదు.

సాంబమూర్తి దంపతులు నెల తిరక్కుండా ఇల్లు అమ్మకానికి పెట్టి తెనాలి వెళ్లిపోయారు. ఆ నెలంతా వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు పొడిపొడిగానే మాట్లాడుకున్నారు. భార్య చేసిన తప్పును మోస్తున్నానని ఆయన, ఇంతటి మనిషితోనా కాపురం చేశానని ఆవిడ. లారీ ఎక్కేముందు నాగేశ్వరి రెండు స్టీలు గిన్నెలు యాదలక్ష్మి చేతిలో పెట్టి, "మీ బాబు వేళ్లు కాస్త నయమేనా?" అని అడిగింది.

మహిపాల్‌ను కోర్టు వాయిదాల మధ్య ఎవరూ పనిలో పెట్టుకోలేదు. జూలైలో ఒకరోజు తనే నిచ్చెన రెండో కొస పట్టుకున్నాడు. "నాయినా, నేనూ ఒస్త." ఆఫీసులో అతన్నీ టెంపరరీగా రాసుకున్నారు. అంతయ్య సంచి అడుగు నుంచి మీటర్ తీసి, తుడిచి, కొడుకు చేతికిచ్చాడు. "నాలుక జోలికి పోకు. కొత్త కాలమోనివి, మిషన్‌తోని చెయ్." నెలన్నర మహిపాల్ మీటర్‌తోనే చేశాడు.

ఆగస్టులో ఒకరోజు చీటీలో మన్సూరాబాద్ ఇల్లు వచ్చింది. కొన్నవాళ్లకు పాత ఫోన్ అక్కర్లేదట, తీగ విప్పేయాలి.

"అది నేను జూస్త. నువ్వు వనస్థలిపురం పో" అన్నాడు అంతయ్య.

"మోకాళ్లతోని ఏం ఎక్కుతవ్? పట్టు నిచ్చెన." మహిపాల్ అప్పటికే సగం ఎక్కేశాడు. ఎడంచేత్తో పట్టుకుంటూ ఎక్కడం బాగా అలవాటైంది వాడికి.

"చచ్చిన లైనేరా అది. సూసేదేమున్నది? కోసి దిగు."

"సూడకుంట కొయ్యొద్దని నువ్వే గద చెప్పినవ్?" పైన సంచిలో వెతికాడు. "మీటర్ సైకిల్ కాడ్నే ఉన్నట్టున్నది."

"ఆగు, తెస్త!"

"ఏం తెస్తవ్ తియ్" అని నవ్వాడు మహిపాల్. ఆర్నెల్లలో నవ్వడం అదే మొదటిసారి. "నీ కొడుకును గానా నాయినా? నాకు లేదా నాలుక?"

అంతయ్య నిచ్చెన ఊపుదామనుకున్నాడు. పడితే కాళ్లు విరుగుతాయి, అంతే. చేతులు నిచ్చెన మీదే ఉన్నాయి, ఊపలేదు.

మార్చి నుంచి ఆ లైన్ మీంచి ఒక్క మాట పోలేదు. మహిపాల్ రెండు తీగలూ నాలుక మీద పెట్టుకున్నాడు. ముందు మొహం పులుపుకి ముడుచుకుంది. తర్వాత ముడతలన్నీ నిదానంగా విడిపోయాయి. ఆ తల్లి చేతి పోపు వాడు పుట్టినప్పటి నుంచి తింటున్నవాడే.

చాలాసేపు పైనే ఉన్నాడు. తీగ కోశాడు, చుట్టచుట్టాడు, డబ్బా మూత బిగించాడు, దిగాడు.

"నీకెరుకనా?" అన్నాడు.

అంతయ్య తలూపాడు.

మహిపాల్ ఇంకేం అడగలేదు. అమ్మనూ అడగలేదు. రాత్రిళ్లు డ్యూటీ అని చెప్పి ఇంటికి భోజనానికి రావడం మానేశాడు. బస్‌స్టాండ్ పక్క హోటల్లో తింటున్నాడు. యాదలక్ష్మి రోజూ పొద్దున రెండు టిఫిన్ డబ్బాలు కడుతుంది. పెద్దది కొడుక్కి. మహిపాల్ దాన్ని స్తంభం మొదట్లో పెట్టి, మూత కూడా తియ్యకుండా ఎక్కిపోతాడు. అంతయ్య తనది తిని, ఇంకోటి కూడా తింటాడు. ఒక్క మెతుకు మిగిల్చినా ఆమె అడుగుతుంది కాబట్టి గిన్నె నాకి మరీ తింటాడు.

అంతయ్య బాగా ఒళ్లు చేశాడు. బాల్కనీలోంచి అండాలమ్మ చూసి, కొడుకు సంపాదన బాగానే ఒంటబట్టిందని మేలమాడుతుంది. యాదలక్ష్మి మాత్రం సాయంత్రం ఖాళీ డబ్బాలు రెండూ కడుగుతూ, "మావోనికి మల్ల తిండి మీద మనసు పుట్టిందయ్యా" అంటుంది. మర్నాడు పెద్ద డబ్బాలో ఇంకో గంటె ఎక్కువ పెడుతుంది.