సువార్త పట్టుకున్న బుర్ర

నేను ఒక ఆనపకాయ బుర్రను. కూరకు ముదిరిపోయి, చివరికి ఈతకు పనికొచ్చినదాన్ని. మునసబుగారి పశువుల పాక కప్పు మీద కాశాను. ఎండి గట్టిపడ్డాక పాలేరు తొడిమ దగ్గర చిల్లు పెట్టి, గింజలు దులిపి, మైనంతో బిగించాడు. ఒళ్ళంతా ఆముదం రాశాడు. కొబ్బరితాడుతో ఉట్టిలా అల్లి అందులో కూర్చోబెట్టాడు. నడుముకు కట్టుకుంటే మనిషిని మునగనివ్వను. నా చదువంతా అదే. ఎవరు తేలాలో, ఎవరు తేలకూడదో చెప్పే చదువు మనుషులది.

మునసబుగారి పొలంలో దిగుడుబావి ఉండేది. ఆ ఇంటి మగవాళ్ళు అందులో ఈత నేర్చుకునేవారు. పొలం పనికి వచ్చే ఊరవతలి పేటవాళ్ళు ఆ మెట్ల మీద కాలు పెట్టకూడదు. దాహమైతే దూరంగా కూర్చుని దోసిలి పట్టాలి, ఎవరో ఒకరు పైనుంచి పోస్తారు. అలా తాగినవాళ్ళకు ఈత రాదు. ఇందులో వింత ఏముంది?

ఒక వేసవి మధ్యాహ్నం మునసబుగారి కొడుకు కోదండం నన్ను నడుముకు కట్టుకుని నీళ్ళలో ఉన్నాడు. అప్పటికి కొత్తగా పెళ్ళయినవాడు. కలుపు తీస్తున్న సువార్త దాహమై వచ్చింది. పోసేవాళ్ళు లేరు. మెట్లు దిగలేదు పాపం, నియమం తప్పలేదు. మెట్లకు ఎదుటివైపు అంచున మోకాళ్ళ మీద వంగి, చెంబుకు తాడు కట్టి వదిలింది. అంచు మట్టి విరిగింది.

ఒకసారి మునిగి పైకి వచ్చింది. చేతికి నా తాడు అందింది. పట్టుకుంది.

ఆ వేళ్ళను నేను ఇప్పటికీ మోస్తున్నాను. నేను ఇద్దరినీ తేల్చగలను. ఆ సంగతి నాకు తెలుసు, కోదండానికి తెలియదు. భయపడ్డాడో, మైలపడతానని జంకాడో నేను చెప్పలేను. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు. ఈది మెట్లెక్కాడు, నన్ను నడుముకు వేలాడేసుకునే.

పక్క పొలంలోంచి సువార్త మొగుడు ఏసోబు పరుగెత్తుకొచ్చాడు. గట్టు మీద బోర్లా పడుకుని తలగుడ్డ విప్పి వేశాడు. అందలేదు. బుర్ర వెయ్యండి అబ్బాయిగారూ అని బతిమాలాడు. కోదండం చెయ్యి నా ముడి మీదికి వెళ్ళింది. అప్పుడే మునసబుగారు వచ్చి పై మెట్టు మీద నిలబడ్డారు.

"అది మన పిల్లలు కట్టుకునేదిరా," అన్నారు.

చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. నీళ్ళ మీద బుడగలు లేచాయి. తర్వాత అవీ లేవు.

బావి తోడించారు. పసుపునీళ్ళు చల్లించారు. పేట మనిషి ముట్టిన తాడని నన్ను గట్టు మీదికి విసిరేశారు. ప్రాణం పోయినందుకు ఒక పూట విచారించారు, నీళ్ళు చెడినందుకు చాలా రోజులు. ఏసోబు నన్ను తీసుకుపోయి పొయ్యి పైన దూలానికి కట్టాడు. పొగకు నల్లబడి రాయిలా అయ్యాను. అతను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఊరు వదిలి పట్నం వచ్చి ఒక బడిలో అటెండరుగా చేరాడు. నన్ను ఎందుకు వెంట తెచ్చాడని ఎవరూ అడగలేదు. ఇంట్లో అడిగేవాళ్ళుంటే గదా. గాలి వీస్తే నా లోపల మిగిలిపోయిన గింజ ఒకటి కదిలేది. అన్నం తింటున్నవాడు ముద్ద ఆపి పైకి చూసేవాడు. కదిలినది గింజేనని నేను కూడా ఒట్టేసి చెప్పలేను.

ఏసోబు ఉద్యోగం అయిపోయిన ఏడు, ఆ బడిలోనే డ్రిల్లు టీచరుగా చేసిన ఖైరున్నీసా పట్నం ఈతకొలనులో పెద్దవాళ్ళకు ఈత సంఘం పెట్టింది. పొద్దున ఒక గంట వాళ్ళకి విడిచారు. వయసు, కులం, మతం, ఆడా మగా తేడా లేదు. కాలు లేకపోయినా, కన్ను లేకపోయినా రావచ్చు. ఒకరినొకరు పేరుతోనే పిలుచుకోవాలి. గారు, అయ్యా, దొరా గేటు బయట వదలాలి. ఏసోబు నన్ను చంకన పెట్టుకుని వెళ్ళాడు. సంఘంలో చేరతానన్నాడు. ఈ వయసులో ఎందుకని ఆవిడ అడిగింది.

"మునిగేవాళ్ళని తీయడం నేర్పుతారా?"

"ముందు నువ్వు మునగకుండా ఉండడం నేర్చుకో, ఏసోబూ."

అతనికి కావలసింది ఒక్కటే. ఆ రోజు ఈత వచ్చి ఉంటే, దూకి ఉంటే, సువార్త దక్కేదా? అది తెలియకుండా చావడం అతనికి ఇష్టం లేదు.

ఆ సంఘానికి ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాళ్ళు వెల్లకిలా పడుకోవాలి. పాతవాళ్ళు ఇద్దరు అరచేతులు కింద పెట్టి మోస్తారు. ఎవరి చేతులని ఎంచుకోవడానికి లేదు. ఏసోబుకు చాందిని అనే హిజ్రా ఎదురైంది, పక్కన ఒంటిచేతి దర్జీ పద్మిని. ఏసోబు చాందిని చేతుల వంక చూసి వెనక్కి జరిగాడు. నేను అతని నడుముకే ఉన్నాను, ఆ జరగడం నాకు బాగా తెలిసిన జరగడమే.

"ఏం ఏసోబూ, నా చేతికి రంగేమన్నా ఉందా, నీకంటుకోడానికి? పద్మినికున్నది ఒక్కటే చెయ్యి. నేను లేకపోతే సగం మునుగుతావు."

అందరూ నవ్వారు. ఏసోబు నవ్వలేదు. కానీ పడుకున్నాడు. వీపు కింద మనుషుల చేతులు తగిలి చాలా ఏళ్ళయింది కాబోలు, కాసేపటికి గాని ఒళ్ళు వదల్లేదు.

వర్షాలు వచ్చి వెనకపట్టేసరికి అతను నన్ను కట్టుకోకుండా కూడా ఈదేవాడు. అయినా కట్టుకునే దిగేవాడు. మనిషిని వెనకనుంచి చంకల కింద పట్టి లాగడం ఖైరున్నీసా నేర్పింది. చాందినిని లాగి చూపించమంది. ఆడుతూ పాడుతూ లాగాడు. గట్టెక్కి మొహం ముడుచుకున్నాడు. చాందిని నవ్వుతూ తేలే మనిషి. అది లెక్కలోకి రాదు.

ఒక రోజు ఆటోలోంచి ఒక ముసలాయనను దింపారు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నీళ్ళలో కదిలితే మంచిదని డాక్టరు చెప్పాడట. పేరు కోదండం అని చెప్పాడు. నా తాడు బిగుసుకుంది. ఏసోబు ఊపిరి పీల్చి వదలడం మరిచాడు.

కోదండం అతన్ని గుర్తుపట్టలేదు. పెద్దింటివాళ్ళకు కూలీల మొహాలు ఏం గుర్తుంటాయి? నన్ను మాత్రం చూశాడు. తమ ఊళ్ళో ఇలాంటివి ఉండేవని, తను వాటితోనే ఈత నేర్చుకున్నానని సంతోషంగా చెప్పాడు.

పద్ధతి ప్రకారం పడుకోబెట్టారు. కాళ్ళ కింద చాందిని, తల కింద ఏసోబు. కోదండం కళ్ళు పైకెత్తి, ఇంత పాత బుర్ర ఎక్కడ సంపాదించావని అడిగాడు.

"మీ బావిదే. సువార్త పట్టుకున్నది."

ఆ మాట గట్టు మీద చెప్పి ఉండవచ్చు. నీళ్ళలోనే చెప్పాడు. ఆ తప్పును నేను కడగను.

కోదండం పైనున్న మొహాన్ని తలకిందులుగా చూశాడు. గుర్తుపట్టాడు. మంచి కాలితో తన్నుకున్నాడు. చాందిని చేతుల్లోంచి జారి, లోతుకు హద్దుగా కట్టిన తాడు కిందుగా అవతలికి పోయి మునిగాడు. ఏసోబు రెండు బారల్లో అక్కడికి చేరాడు. చేరి ఆగాడు. నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచి నా తాడు పట్టుకుంది.

ఏసోబు చెయ్యి వెనక్కి వచ్చి ఆ వేళ్ళ మీద పడింది. విడదీయడం ఎలాగో నాకు తెలుసు, చిటికెనవేలుతో మొదలవుతుంది. అతని బొటనవేలు ఆ చిటికెనవేలి కింద దూరింది. నా లోపల గింజ కదిలింది.

వేళ్ళ కింద దూరిన వేలు బయటికి వచ్చింది. అతను వెనక్కి తిరిగి, కోదండాన్ని వెల్లకిలా తిప్పి, చంకల కింద చేతులు వేసి కాళ్ళు ఆడించాడు. నేను ఇద్దరినీ తేల్చాను. గట్టు వచ్చింది. గట్టు మీద ఖైరున్నీసా కేకకు నలుగురు లేచి రాకముందే పని అయిపోయింది.

కోదండం దగ్గాడు, కక్కాడు, బతికాడు. మంచి చెయ్యి ఏసోబు వైపు చాపాడు. దగ్గుతెరల్లో మాట సరిగా రాలేదు. క్షమించమన్నాడనే అనుకుంటాను.

ఏసోబు ఆ చెయ్యి ముట్టలేదు. గట్టున కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు. అన్నేళ్ళూ మునిగే మనిషిని తీయడం కొండంత పనని, ఎవరి వల్లా కాదని ఒక మూల నమ్మి ఉంటాడు. ఆ నమ్మకంతోనే అన్నం తిన్నాడు. ఇప్పుడు అదీ పోయింది.

"ఇంతే పని, కోదండం," అన్నాడు. "ఇంతే."

కోదండం ఇక రాడని అందరూ అనుకున్నారు. మర్నాడు ఏసోబే ఆటో తీసుకుని అతని ఇంటికి వెళ్ళాడు. దగ్గరుండి తెచ్చాడు. నన్ను తన నడుము నుంచి విప్పి అతని నడుముకు కట్టాడు. చాందిని ముచ్చటపడి ఎంత మంచి మనసు నీదని మెచ్చుకుంది. ఏసోబు ముడి రెండుసార్లు బిగించి చూశాడు. వీడు మునగకూడదు. రోజూ నీళ్ళలోకి దిగాలి, రోజూ తేలాలి, తేలడం ఎంత తేలికో రోజూ తెలుసుకోవాలి.

ఇప్పుడు నేను ఆ నడుము మీదే ఉన్నాను. పొద్దున్నే కోదండం వెల్లకిలా పడుకుంటాడు. తల కింద ఏసోబు అరచేతులు ఉంటాయి. కోదండం కళ్ళు మూసుకోడు.